సముద్రం అడుగున వేస్తే నష్టం లేనట్టేనా?

సంపాదకుడు గారికి,

సముద్రగర్భ గ్యాస్ పైప్‌లైన్ల మీద పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం నాలుగు రోజులుగా మనసులో మెదులుతూనే ఉంది. భూసేకరణ ఉండదు, నిర్వాసితులు ఉండరు, కాబట్టి ఇబ్బందే లేదని రాశారు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ని, ఆ మాట ఒప్పుకోలేను.

తీరానికి దగ్గర్లో పైపు వేయాలంటే అడుగున కందకం తవ్వాలి. లేచిన బురద వెళ్లి చేప గుడ్ల మీద, నత్తల మీద పేరుకుంటుంది. పైపు గట్టిదనం చూడటానికి దాన్నిండా నీళ్లు నింపి ఒత్తిడి పెడతారు. తుప్పు పట్టకుండా, పాచి పెరగకుండా ఆ నీళ్లలో మందులు కలుపుతారు. పరీక్ష అయ్యాక ఆ నీళ్లు ఎక్కడ వదులుతారు? వ్యాసంలో దాని ఊసే లేదు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులున్నాయి. ఆ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక ఏడాది మా కాలేజీ పిల్లల్ని టూర్‌కి తీసుకెళ్లాను. తెల్లవారుజామున బొటనవేలంత తాబేలు పిల్ల నీళ్ల వైపు పాకుతూ నా చెప్పు అచ్చులో పడి వెల్లకిలా అయింది. అది మళ్లీ బోర్లా తిరిగి నీళ్లు చేరేదాకా ఒక్కరూ కదల్లేదు. చెప్పు అచ్చు దాటడానికే అంత కష్టపడే ప్రాణి అది. సముద్రం అడుగును తవ్వే డ్రెడ్జర్లను ఏం తట్టుకుంటుంది?

2022 సెప్టెంబర్ 26న పేలుళ్లకు రష్యా నుంచి జర్మనీకి వేసిన నార్డ్ స్ట్రీమ్ గ్యాస్ పైపులు పగిలి, లక్షల టన్నుల మీథేన్ బాల్టిక్ సముద్రంలోంచి గాల్లో కలిసింది. మరుసటి ఏడాది ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య ఉన్న గ్యాస్ పైపు ఒక ఓడ లంగరు తగిలి దెబ్బతింది. అంత దూరం ఎందుకు, 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో నేల మీది పైపే పేలి మనుషులు కాలిపోయారు. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పామని ఊరివాళ్లు మొత్తుకున్నారు.

మనకెందుకు సార్, వరంగల్‌కు సముద్రం ఉందా అని మా పక్కింటాయన అన్నాడు. కాకినాడ గ్యాస్ గుజరాత్ దాకా పోయేది మన తెలంగాణ పొలాల కిందినుంచే. మొన్న మా వీధిలో గ్యాస్ పైపు కోసం తవ్వుతూ మంచినీళ్ల పైపు పగలగొట్టారు. మూడు రోజులు బిందెలు పట్టుకొని ట్యాంకర్ వెంట తిరిగాం. కాంట్రాక్టరును అడిగితే ఆఫీసుకు పొమ్మన్నాడు, ఆఫీసువాళ్లు కాంట్రాక్టరునే అడగమన్నారు. మూడడుగుల లోతులో, మా కళ్ల ముందు పగిలిన పైపుకే జవాబు చెప్పే దిక్కు లేదు. మా వైపు ఒక గని కోసం పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణలోనూ ఇంతే. టేబుల్ మీద పర్యావరణ ప్రభావం గురించి లావుపాటి ఇంగ్లిష్ రిపోర్టు, టెంటు కింద చదువురాని రైతులు. గంటలో సంతకాలు పెట్టించుకొని పోయారు.

సముద్రపు పైపుల విషయంలోనైనా పూర్తి రిపోర్టు తెలుగులో అచ్చువేసి మత్స్యకార గ్రామాలకు నెల ముందే పంపాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలపై చేపల వేట నిషేధం. సభలు అప్పుడే పెట్టాలి. వేటకు పోయేవాళ్లలో ఎక్కువమంది ఆ రెండు నెలలు ఊళ్లో ఉంటారు.

– రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ