మూట విప్పేముందు

ఏరా,

నీ ఉత్తరం అందింది. లైబ్రరీ తాళాలతోపాటు చరిత్ర సంఘం గది తాళాలు కూడా నీకే అప్పగించారంటే చాలా సంతోషం వేసింది. ముందు క్యాటలాగు పట్టుకోవాలా, స్కానర్ కొనాలా అని అడిగావు. నన్నడిగితే తలుపు దగ్గర మొదలుపెట్టు. ఎవరో ఒకరు సంచీయో, పాత పెట్టెయో తెచ్చి బల్లమీద పెట్టి, "ఇవి మా తాతగారివి, మీకేమైనా పనికొస్తాయేమో చూడండి" అంటారు చూడు, మిగతా పనంతా ఆ పావుగంట మీదే ఆధారపడి ఉంటుంది. కాగితం చిరిగితే అతకొచ్చు, క్యాటలాగులో తప్పు పడితే దిద్దొచ్చు. ఆ మనిషి గుమ్మం దాటి వెళ్లిపోయాక, ఈ ఫొటోలో కుర్చీలో కూర్చున్నది ఎవరండీ అని అడగడానికి మళ్లీ దొరకకపోవచ్చు.

అందుకని మూట విప్పకముందే పెన్సిలు తీయి. ఎవరిస్తున్నారు, వాళ్లకెలా వచ్చింది, ఇన్నాళ్లూ ఇంట్లో ఎక్కడ ఉంది, మిగతా భాగం ఇంకెవరి దగ్గరైనా ఉందా, ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకో. అటకమీద ఉందా, నేలమీద ఉందా అన్నది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. తడి తగిలిందా, పురుగు ఉండొచ్చా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది.

తర్వాత దానపత్రం. ఒక పేజీ చాలు. ఏమిస్తున్నారు, ఎంత ఉంది, పూర్తిగా ఇచ్చేస్తున్నారా, మనకు అక్కర్లేనివి వెనక్కి కావాలా లేక మనమే తీసేయొచ్చా, కాపీరైటు వాళ్లదైతే అదీ ఇస్తున్నారా. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఉత్తరం మన చేతికొచ్చినంత మాత్రాన అందులోని రాత మీద హక్కు మనకు రాదు. ఆ హక్కు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. తాతగారికి ఇంకెవరో రాసిన ఉత్తరాల మీద దాతకే హక్కు ఉండదు, కాబట్టి ఆయన మనకు ఇవ్వలేడు కూడా. స్కాన్ చేసుకుని తిరిగిచ్చేయమంటే దానికి వేరే రసీదు, తేదీతో సహా. "మీ దగ్గరే ఉంచండి, కానీ మాదే" అనే పద్ధతికి మాత్రం ఒప్పుకోకు. ఇరవై ఏళ్లు మనం పెట్టెలు కొని, బూజు దులిపి కాపాడాక మనవడొచ్చి తీసుకుపోతాడు, లేదా ఎవరూ రారు, మనం దాన్ని ఏమీ చేయలేము.

కాదనడం కూడా నేర్చుకోవాలిరా. సంఘం ఏ ప్రాంతపు సంగతులు, ఏ రకం వస్తువులు తీసుకుంటుందో అర పేజీలో రాసి, కమిటీ చేత సంతకాలు పెట్టించి ఉంచు. ముఖం చూసి కాదనలేక తీసుకున్న పాత ఎన్‌సైక్లోపీడియాలూ, పాఠ్యపుస్తకాలే అరలన్నీ నింపేస్తాయి. చేతిలో కాగితం ఉంటే నొప్పించకుండా చెప్పొచ్చు.

ఇక విప్పడం. ఇక్కడ లైబ్రరీ అలవాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పుస్తకం చేతికి రాగానే విషయం చూసి డ్యూయీ నంబరు (విషయాన్నిబట్టి పుస్తకాలను వర్గీకరించే అంకె) వేస్తాం కదా, 1876 నుంచీ అదే పద్ధతి. కాగితాలకు అది పనికిరాదు. ఒక కుటుంబం కాగితాల్లోంచి పెళ్లి ఫొటోలు ఒకచోటికి, దస్తావేజులు ఇంకోచోటికి, ఉత్తరాలు మరోచోటికి తీశావంటే అవి ఎవరివో, ఎందుకు దాచుకున్నారో చెప్పే ఆధారం పోతుంది. ఎవరి కాగితాలు వాళ్ల పేరుమీద ఒక్కచోటే ఉండాలని ఫ్రాన్స్‌లో 1841లోనే ఆర్కైవులకు, అంటే పాత కాగితాలు భద్రపరిచే కార్యాలయాలకు, ఆదేశం ఇచ్చారు. ఇప్పటికీ ఆర్కైవుల పనికి అదే పునాది. దానికి తోడు వాళ్లు పెట్టుకున్న వరస కూడా చెదరగొట్టకూడదు. దస్తావేజు మడతలో ఒక ఉత్తరం ఉందంటే అది ఆ అమ్మకం గురించే కావచ్చు. రెండూ విడదీస్తే ఉత్తరంలోని "ఆ సంగతి" అంటే ఏ సంగతో ఇంక తేలదు. విప్పుతున్నప్పుడే ఒక్కో పొరనీ పైనుంచి ఫోనుతో ఫొటో తీసుకో.

వచ్చిన ప్రతి వస్తువుకీ ఇచ్చే గుర్తింపు సంఖ్యని, అంటే యాక్సెషన్ నంబరుని, మూడు ముక్కలుగా వేయి. 2025.14.3 అంటే 2025లో వచ్చిన పద్నాలుగో దానంలో మూడో వస్తువు. రిజిస్టరు కుట్టిన పుస్తకమై ఉండాలి. కంప్యూటర్లోకి కూడా ఎక్కించు, కానీ పుస్తకం మానకు. వస్తువు పోయినా, తీసేసినా దాని నంబరు ఇంకోదానికి ఇవ్వకు.

తుప్పు పట్టిన గుండుసూదులూ, క్లిప్పులూ, స్టేపిళ్లూ ఒక మధ్యాహ్నం కూర్చుని తీయాల్సిన పని. స్టేపిల్‌ని పంజాలాంటి రిమూవర్‌తో లాగావంటే కాగితం ముక్క కూడా ఊడొస్తుంది. కాగితాన్ని బోర్లా తిప్పు. స్టేపిలు కాళ్లు వంగి ఉన్నచోట, ఆ కాళ్లకూ కాగితానికీ మధ్య పల్చటి పాలియెస్టరు (ప్లాస్టిక్ రేకు) ముక్క దూర్చు. దానిమీదుగా మొద్దు అంచున్న సన్నని స్పాచులా (చదునైన రేకు పరికరం) పోనిచ్చి ఒక్కో కాలూ నిటారుగా లేపు. తుప్పు బలంగా పట్టి ఉంటే కాలు విరుగుతుంది, విరగనీ. అప్పుడు కాగితం తిరగేసి, స్టేపిలు వీపు కింద అలాగే పాలియెస్టరు పెట్టి మెల్లగా పైకి తీయి. కరిగి ఎండిపోయిన రబ్బరు బ్యాండుని గోటితో గీకకు, రాలినంత రాల్చి వదిలెయ్. తీసిన జతలు విడిపోకుండా ఆమ్లం లేని కాగితాన్ని మడిచి అందులో పెట్టు.

సెల్లో టేపు గురించి గట్టిగా చెబుతున్నాను, ఆ బల్లమీద అది కనిపించకూడదు. దాని జిగురు కాలం గడిచేకొద్దీ కాగితంలోకి ఇంకి పసుపు మరక అవుతుంది, పైపొర ఊడి పడిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. లామినేషన్ ఇంకా ఘోరం, వేడితో కాగితానికి ప్లాస్టిక్ అతికించాక వెనక్కి తీసే దారి లేనట్టే. మనం చేసే ఏ మరమ్మతైనా రేపు ఇంకొకరు విప్పగలిగేలా ఉండాలి. చిరుగుకి జపాన్ టిష్యూ అనే పల్చటి గట్టి కాగితం, గోధుమ స్టార్చ్ ఉడికించి చేసిన జిగురు వాడతారు, నీళ్లతో తడిపితే ఊడొస్తుంది. అది చేతకాకపోతే చిరిగినదాన్ని పాలియెస్టరు తొడుగులో పెట్టి ఊరుకో. పీవీసీ అనే రకం ప్లాస్టిక్ తొడుగులు మాత్రం వద్దు, వాటిని వాసనబట్టే గుర్తుపట్టొచ్చు.

పేపరు కటింగులు మిగతావాటికి దూరంగా ఉంచు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి కాగితాన్ని ఎక్కువగా చెక్క గుజ్జుతో, పటికా, రోజిన్ అనే చెట్టు బంకా కలిపి చేశారు. ఆ పటిక ఆమ్లమై కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. న్యూస్‌ప్రింట్‌లో చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం కూడా మిగిలి ఉంటుంది కాబట్టి వెలుగు తగిలితే త్వరగా పసుపెక్కుతుంది. రెండు పేజీల మధ్య ఏళ్ల తరబడి ఉన్న కటింగు తన ఆకారంలోనే గోధుమరంగు మచ్చ దింపుతుంది. మన్నికైన కాగితం మీద ఫొటోకాపీ తీసి, తేదీ, పత్రిక పేరు రాసి అది ఫైల్లో పెట్టు.

ఫొటోల వెనక బాల్‌పెన్నుతో రాయకు, గీత ముందువైపు ఉబుకుతుంది. మెత్తటి 2బీ పెన్సిలుతో, గట్టి బల్లమీద పెట్టి, అంచున తేలిగ్గా రాయి. ప్లాస్టిక్ పూత ఉన్న ఈ కాలపు ప్రింట్ల మీద పెన్సిలు పట్టదు, వాటికి కవరు మీదే ముందు రాసి ఆ తర్వాత ఫొటో లోపల పెట్టు. గ్రూపు ఫొటో అయితే స్కాన్ కాపీ మీద ఒక్కో తలకీ నంబరు వేసి, ఎవరు గుర్తుపట్టారో కూడా రాయి. ఇద్దరు పెద్దవాళ్లు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచు, తీర్పు నువ్వు చెప్పొద్దు. జిగురు చారలుండి పైన ప్లాస్టిక్ రేకు కప్పే ఆల్బములు వస్తే ముందు ప్రతి పేజీ ఉన్నదున్నట్టు ఫొటో తీయి. ఆ తర్వాతే పళ్ల సందులు శుభ్రం చేసే దారం, మైనం లేని డెంటల్ ఫ్లాస్‌ని ఫొటో కింద మూలనుంచి రంపంలా నెమ్మదిగా ఆడిస్తూ విడదీయి. అంటుకుపోయి రాకపోతే ఆపేయి. నెగెటివుల పెట్టె తెరవగానే వెనిగర్ వాసన కొట్టిందంటే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లుతోందన్నమాట. పక్కవాటికీ పాకుతుంది కాబట్టి వెంటనే వేరుచేసి, ముందు వాటినే స్కాన్ చేయి.

గదికి ఏసీ లేదని రాశావు. చల్లదనం కంటే నిలకడ ముఖ్యం. ఒక హైగ్రోమీటరు (గాలిలో తేమ కొలిచేది) పెట్టి రోజూ ఒకే వేళకి తేమ రాసుకో. 60 శాతం దాటుతోందంటే గాలి ఆడేలా చూడు, 65 దాటి నిలిచిందంటే బూజు తప్పదు. బీరువాలని బయటిగోడకి ఆనించకు, అడుగు అర నేలకి కనీసం నాలుగంగుళాల ఎత్తులో ఉండాలి. పైకప్పునుంచి నీళ్లు పడి పుస్తకాలు తడిస్తే 48 గంటల్లో బూజు మొదలవొచ్చు. నున్నటి ఆర్టు పేపరు పుస్తకాలు ముందు చూడు, అవి తడిగా ఉండగానే విడదీయకపోతే ఎండాక ఇటుకలా అతుక్కుపోతాయి. మిగతావాటికి పేజీల మధ్య బ్లాటింగు పేపరు పెట్టి, తడిసినప్పుడల్లా మార్చాలి. ఒకేసారి పుస్తకం మందంలో మూడోవంతు మించి పెడితే వెన్ను విరుగుతుంది. అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టే చోటు లేకపోతే సంచుల్లో కట్టి ఫ్రీజర్లో పెట్టు, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్నిగా తీసుకోవచ్చు.

పురుగు పట్టినవాటికీ ఫ్రీజరే మందు. గాలి చొరని పాలిథీన్‌లో మూసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు. బయటికి తీశాక ఒక రోజంతా సంచీ విప్పకు. చెమ్మ సంచీ పైనే పడుతుంది, విప్పావంటే కాగితం మీద పడుతుంది. గాజు నెగెటివులు మాత్రం ఫ్రీజర్లో పెట్టకు.

స్కానింగు గురించి తొందరపడకు. కాగితాలకి 400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) సరిపోతుంది, చిన్న ఫొటోలకి 600. అసలు ప్రతి టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫైలు రకం) దాచు, చూపించడానికి చిన్న సైజు జేపెగ్ తీసుకో. ఏ4 కాగితం రంగుల్లో 600 డీపీఐ తీస్తే ఒక్కోటీ వంద ఎంబీ దాకా ఉంటుంది, లెక్క వేసుకుని డిస్కు కొను. మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే భవనంలో ఉండాలి. ఫైలు పేరు యాక్సెషన్ నంబరే అయి ఉండాలి. "పాత ఫొటో కొత్తది ఫైనల్" లాంటి పేర్లు పెడితే ఆర్నెల్లకి ఎవరికీ అర్థం కావు.

పుస్తకాలిచ్చే విభాగం గురించి నీకు చెప్పేదేముంది. ఒక్కటే, అరలోంచి పుస్తకాన్ని వెన్ను పైకొన పట్టి లాగొద్దని పిల్లలకి చూపించు. అటూ ఇటూ ఉన్నవాటిని కొంచెం లోపలికి నెట్టి, నడుం దగ్గర పట్టుకుంటే చాలు, సగం బైండింగు పని తగ్గుతుంది. పాతవి ఏరేసేటప్పుడు మీ ప్రాంతం గురించి ఒక్క అధ్యాయం ఉన్నా చరిత్ర గదికి పంపు.

వచ్చేవాళ్లు ఎక్కువగా రెండే అడుగుతారు: మా వంశం, మా ఇల్లు. వెతకడానికి లేవకముందు "మీకు ఇప్పటిదాకా ఏం తెలుసు?" అని అడుగు. ఇంటి చరిత్ర దగ్గర చిక్కంతా వీధి పేర్లు మారడం వల్ల, ఇంటి నంబర్లు తిరగరాయడం వల్ల వస్తుంది. పాత పన్ను రిజిస్టర్లు, పాత మ్యాపులు పక్కపక్కన పెట్టుకుని పాత పేరు, కొత్త పేరు, మారిన సంవత్సరం కార్డుల మీద రాయడం మొదలుపెట్టు. ఏడాదిలో ఆ కార్డుల డబ్బా గదిలో అందరికంటే ఎక్కువ పని చేస్తుంది. ఇచ్చిన ప్రతి జవాబూ, ఎక్కడ దొరికిందో సహా ఫైల్లో పెట్టు. పాఠకుడి సమయం కాపాడమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రం చేశారు. అదే ప్రశ్న రెండోసారి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. చదివే బల్ల దగ్గర పెన్సిలే, పెన్ను వద్దు. ఒకేసారి ఒక్క ఫోల్డరే ఇవ్వు, రెండిస్తే కాగితాలు కలిసిపోతాయి.

పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసే పని మాత్రం వాయిదా వేయొద్దురా, మిగతావన్నీ ఆగుతాయి, అది ఆగదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (కుదించని ఆడియో) ఫైలుగా తీయి, స్టీరియో అయితే గంటకి ఒక జీబీ పైన పడుతుంది. ఫ్యాను ఆపు, మైకు నోటికి జానెడు దూరంలో ఉంచు. మొదట్లోనే తేదీ, చోటు, ఇద్దరి పేర్లూ పలుకు. ఏ సంవత్సరం అంటే చెప్పలేరు, "పెద్ద పిల్ల పుట్టకముందా, తర్వాతా?" అంటే చెబుతారు. ఊళ్ల పేర్లూ ఇంటిపేర్లూ చివర్లో రాయించుకో. అనుమతి పత్రం మీద సంతకం ఆ రోజే తీసుకో, మర్నాటికి ఉంచకు. గంట మాటలు రాతలో పెట్టడానికి ఆరేడు గంటలు పడుతుంది. మనుషులు తక్కువైతే ముందు ప్రతి ఐదు నిమిషాలకీ ఏం మాట్లాడారో ఒక్కో వాక్యం రాసి పెట్టు, వెతకడానికి అది చాలు.

కొత్త అట్టపెట్టెలకి ఆర్డరు ఇచ్చేముందు బీరువా అరల లోతూ ఎత్తూ కొలిచి నాకు రాయి. బయటి కొలత వద్దు, లోపలిదే. పెట్టె సగం ఖాళీగా ఉంటే కాగితాలు ఒరిగి వంగిపోతాయి, కాబట్టి ఐదంగుళాల మందంవి ఎన్ని, అందులో సగం మందంవి ఎన్ని కావాలో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.

ఉంటానురా,
నీ మిత్రుడు