మన హైస్కూల్ స్కాలర్‌షిప్ నిధి: 2024-25 జమా ఖర్చులు, పిల్లలు చెప్పిన మాటలు

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు నిధికి వచ్చిన డబ్బు, పోయిన డబ్బు ఇక్కడ రాస్తున్నాం. మొత్తాలు ముందే చెప్పేస్తాం. పోయిన ఏడాది మిగులు 41,260 రూపాయలు, ఈ ఏడాది జమ 4,27,125, రెండూ కలిపి 4,68,385. ఖర్చు 3,90,385. మిగిలింది 78,000, అందులో బ్యాంకులో 74,300, చేతిలో నగదు 3,700. వివరాలు కింద ఉన్నాయి. ఈసారి లెక్కతో పాటు, నిధి సాయంతో చదువుతున్న పిల్లలు మన నిధి సభలో చెప్పిన మాటలు కూడా రాశాం. వాళ్లు మాట్లాడుతుంటే వెనక కూర్చున్న ఇంటర్ పిల్లలు నోట్సు రాసుకోవడం చూశాం, సభకు రాలేనివాళ్లకు కూడా ఆ మాటలు అందాలని మా ఆశ.

ముందు జమ. పదో తరగతి బ్యాచ్‌ల నుంచి 2,36,500 వచ్చింది. 1998 బ్యాచ్ 84,000, 2003 బ్యాచ్ 61,500, 2007 బ్యాచ్ 52,000, మిగతా రెండు బ్యాచ్‌లు కలిపి 39,000. ఊళ్లో అయిదు రోజులు ఇంటింటికీ తిరిగితే 68,340 వచ్చింది. పింఛను డబ్బుల్లోంచి 50 రూపాయలు తీసి ఇచ్చిన ముసలవ్వలు ఉన్నారు, వాళ్లకూ రశీదు రాసే ఇచ్చాం. సద్దుల బతుకమ్మ నాడు గుడి దగ్గర పెట్టిన హుండీలో 9,415. బ్యాంకు వడ్డీ 2,870.

గల్ఫ్‌లో ఉన్న మన ఊరి వాళ్లు 11 మంది, తలా 10,000 చొప్పున 1,10,000 పంపారు. దుబాయ్, దోహాలో డ్రైవర్లుగా, తాపీ మేస్త్రీలుగా పనిచేస్తూ క్యాంపుల్లో ఉంటున్నవాళ్లు వీళ్లు, ఆ 10,000 వాళ్లు ఎట్లా మిగిలిస్తారో గల్ఫ్‌కు మనిషిని పంపిన ప్రతి ఇంటికీ తెలుసు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. అమెరికాలో ఉన్న ఒక అన్న పంపిన 25,000 మేం తిరిగి పంపించేశాం. ఆయన మీద కోపం కాదు, ఆయనకు అక్కడి పౌరసత్వం వచ్చింది. పాస్‌పోర్టు ఇండియాదే అయితే విదేశంలో సంపాదించిన డబ్బయినా బ్యాంకు ద్వారా పంపవచ్చు, దాన్ని విదేశీ విరాళం కింద లెక్కపెట్టరు. పౌరసత్వం మారితే మాత్రం అది విదేశీ విరాళమే, దానికి కేంద్రం దగ్గర ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, మనకు లేదు. ఆ 25,000 వచ్చినట్టు, పోయినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, పై జమలో మాత్రం కలపలేదు. అన్న ఏమీ అనుకోకుండా ఇప్పుడు ఆదివారాలు మన పిల్లలకు ఫోన్లో ఇంగ్లిష్ అప్లికేషన్లు దిద్దిపెడుతున్నాడు.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్దది ఫీజులు, అయిదుగురికి 1,62,400.

ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండగా మనమెందుకు కట్టాలని గ్రూపులో చాలామంది అడిగారు, అడగవలసిన ప్రశ్నే. బీటెక్‌లో చేరిన చెల్లె సంగతి చూడండి. బీసీ పిల్ల, ఎంసెట్ అని మనం ఇంకా పిలుస్తున్న పరీక్షలో ర్యాంకు 10,000 దాటింది కాబట్టి రీయింబర్స్‌మెంట్ 35,000 వరకే వర్తిస్తుంది. కాలేజీ ఫీజు 80,000. మిగతా 45,000 చేరేటప్పుడే కట్టాలి. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది, బాపు లేడు. ఆమె ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ శాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనే మాతో మాట్లాడింది, చేయి ఒక్కసారి ఆగలేదు. పక్కనే పిల్ల అప్లికేషన్ కాగితాలన్నీ పాత పెళ్లి ఆల్బమ్ కవర్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ పిల్ల సభలో చెప్పిన మాట చాలామందికి తెలియదు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, వృత్తి విద్యా కోర్సులకు ఏడాదికి 25,000. తల్లికి బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉండాలి, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. కాని ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఇది రాదు. "నేను రెండూ వేద్దామనుకున్నా. తర్వాత నిబంధనలు చదివి, నాకు రీయింబర్స్‌మెంటే ఎక్కువ వస్తదని దాన్నే ఉంచుకున్నా. రెండూ వేసి రెండూ పోగొట్టుకోకండి, ముందు కూర్చుని లెక్క చేసుకోండి" అంది. చదువయ్యాక నిజామాబాద్‌లోనే ఉద్యోగం చూసుకుని అమ్మతో బీడీలు మాన్పించాలని ఆమె కోరిక. అమ్మకు మెడనొప్పి ఉంది.

నర్సింగ్ చెల్లెకు 50,000, కోఠి మహిళా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేరిన చెల్లెకు 20,000 ఇచ్చాం. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్ చేరిన చెల్లెకు 30,000. ఈ చివరి ఆమెది రైతు కోటా సీటు. కొద్దిలో పోయేది. భూమి అప్పటికీ తాత పేరు మీదే ఉంది, తాత పోయి మూడేళ్లయినా విరాసత్, అంటే వారసుల పేరుకు మార్పు, చేయించుకోలేదు. కౌన్సెలింగ్‌కు ముందు నాలుగు వారాలు వాళ్ల నాయిన పని మానుకుని తిరిగాడు. "ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడే పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి, ఊళ్లో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు కూడా అప్పుడే తీసుకోండి" అని ఆమె సలహా. పసుపు మీద పనిచేస్తానంటుంది. ఆర్మూర్ వైపు పుట్టి పసుపు ఉడకబెట్టే వాసనలో పెరిగిన పిల్ల ఇంకేం అంటుంది.

అయిదో అబ్బాయి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేరాడు. అడ్మిషన్, డిపాజిట్లకు మేం ఇచ్చింది 17,400. వాళ్ల బాపు పదకొండేళ్లు గల్ఫ్‌లో ఉండి నడుము పోయి తిరిగొచ్చాడు. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ ఫలితాలు 2024లో జూలై చివరికి గాని రాలేదు, ఆలోపు ఎదురుచూసి టెన్షన్ తట్టుకోలేక వేరే కాలేజీలో ఫీజు కట్టినవాళ్లు ఉన్నారు. ఈ అబ్బాయి కట్టలేదు, కట్టడానికి డబ్బు లేక ఆగాడు, అదే మంచిదైంది. అందరికీ అట్లా కాదు కాబట్టి ముందు చేరే చోట ఫీజు ఎంత వెనక్కి వస్తుందో అడిగి తెలుసుకుని చేరమంటున్నాడు. లెక్చరర్ కావాలని ఉందట.

అయిదుగురిలో ఇద్దరు రీయింబర్స్‌మెంట్ రాగానే ఆ మేరకు నిధికి తిరిగి ఇస్తామని రాసిచ్చారు. ఇంకా రాలేదు. వచ్చేదాకా జమలో చూపం.

హాస్టల్, మెస్ అడ్వాన్సులకు ఆరుగురికి 18,000 చొప్పున 1,08,000 అయింది. ఇందులో మా తప్పు ఒకటి ఉంది.

పట్నంలో డిగ్రీ చేరిన ఒక తమ్ముడికి మెస్ అడ్వాన్స్ సెప్టెంబర్ 5లోగా కట్టాలి. మాకు ఆగస్టులోనే చెప్పాడు. మన ఖాతాలోంచి డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి, కోశాధికారి వాళ్ల అత్తగారింట్లో చావు ఉండి ఊళ్లో లేడు, మిగతావాళ్లం రెండు రోజుల్లో వస్తాడులే అనుకున్నాం. తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజుల్లో వాళ్లమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టి 12,000 తెచ్చి కట్టింది. మాతో ఒక్క మాట అనలేదు. సభనాడు ఆమె చెవులకు పుల్లలు చూసి, అడిగితే అప్పుడు తెలిసింది. నిధి డబ్బు సెప్టెంబర్‌లోనే ఇచ్చాం, కాని అది ఇంకో అవసరానికి పోయింది, కమ్మలు అట్లాగే ఉన్నాయి. విడిపించి తెచ్చి ఇచ్చాం. అసలు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ కమిటీ సభ్యులం మా చేతి నుంచి వేసుకున్నాం, నిధి లెక్కలో అది లేదు. ఆ తల్లికి అందరి ముందూ క్షమాపణ చెప్పాం, ఇక్కడ మళ్లీ చెబుతున్నాం. పిల్లలు కోరేది పెద్ద మొత్తం కాదు, ఫలానా తారీఖుకు చేతిలో ఉండాల్సిన మొత్తం. తారీఖు దాటాక ఇస్తే అప్పు తీర్చడానికి ఇచ్చినట్టవుతుంది. ఇప్పటి నుంచి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 30,000 విడిగా ఉంచి, ఒక్క సంతకంతో అదే రోజు ఇచ్చి, తర్వాతి సమావేశంలో లెక్క చెప్పేటట్టు తీర్మానం చేశాం.

రెండు ల్యాప్‌టాప్‌లకు 47,000. కొత్తవి కావు, ఏడాది వారంటీతో బాగుచేసి అమ్మేవి, ఒక్కోటి 23,500. ఇవి నిధి ఆస్తి, చదువు అయ్యాక తిరిగి ఇవ్వాలి.

అప్లికేషన్లు, సర్టిఫికెట్లు, ప్రయాణాలకు 21,735. అందులో అప్లికేషన్, పరీక్ష ఫీజులు 9,850, మీసేవ, జిరాక్సులు 3,265, ప్రయాణాలు 8,620. చిన్న పద్దే, మాకు మాత్రం దీని మీదే ఎక్కువ నమ్మకం. ఈ దశలో 200 రూపాయలు లేక ఆగిపోయిన పిల్లలను చూశాం.

ఒక తమ్ముడి సంగతి చెబుతాం. ఇంటర్‌లో మంచి మార్కులు, తన బోర్డులో 80 పర్సంటైల్ దాటాడు, ఇంట్లో ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపే, అందుకని కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ వచ్చింది, డిగ్రీ మూడేళ్లూ ఏటా 12,000. మంజూరైందని పోర్టల్‌లో చూపిస్తోంది, డబ్బు మాత్రం ఖాతాలో లేదు. మూడు నెలలు అందరూ పోర్టల్‌నే తిట్టుకున్నారు. చివరికి తేలింది ఏమిటంటే, ఆధార్‌కు కలిసి ఉన్నది తొమ్మిదో తరగతిలో తెరిచిన పాత ఖాతా. ప్రభుత్వం డబ్బు మనం ఫారంలో రాసిన ఖాతాకు కాకుండా ఆధార్‌కు ఏ బ్యాంకు కలిసి ఉంటే ఆ బ్యాంకుకు పోతుంది. ఆ ఖాతా వాడక మూతపడినట్టే ఉంది. బ్యాంకుకు రెండుసార్లు పోయి కేవైసీ ఇచ్చాక డబ్బు కనిపించింది. ఆ తమ్ముడు మైకు పట్టుకుని ఇదే ముందు చెప్పాడు: "అప్లై చేసే ముందే బ్యాంకుకు పోయి మీ ఆధార్ ఏ ఖాతాకు కలిసి ఉందో అడగండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోండి. ప్రతి ఏడాది రెన్యువల్ ఉంటది, 75 శాతం హాజరు, 50 శాతం మార్కులు తగ్గొద్దు." తనకు గ్రూప్స్ రాయాలని ఉంది.

నేషనల్ పోర్టల్‌లో 2024-25 నుంచి వన్ టైమ్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటేనే అప్లికేషన్ ముందుకు పోతుంది, ఫోన్లో ముఖం చూపించి ఆధార్ సరిపోల్చాలి. చిన్నప్పుడు ఆధార్ తీసుకున్నవాళ్లు 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, ఫొటో కొత్తగా ఇవ్వాలి, ఇవ్వనివాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 ఉంది, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. మన ఊరి నుంచి ఇంతవరకు ఒక్కరూ వేయలేదు, ఈసారి వేయించాలి.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) పరీక్ష కోసం ఆదివారం క్లాసులు పెట్టాం, పుస్తకాలకు, జిరాక్సులకు, పొద్దున ఉప్మాకు కలిపి 26,480. 31 మంది రాస్తే నలుగురికి వచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 చొప్పున ఒక్కొక్కరికి నాలుగేళ్లకు 48,000, నలుగురికి 1,92,000. పెట్టిన 26,480 పక్కన ఈ అంకె పెట్టి చూడండి. క్లాసులు చెప్పింది మన నిధి తీసుకుని చదువుతున్న పిల్లలే, సెలవుల్లో వచ్చినప్పుడు.

సభ ఖర్చు 18,650. షామియానా, మైకు, భోజనాలు. ఇది ఎక్కువే. వచ్చే ఏడు బడి వరండాలోనే పెడదాం, భోజనం ఎవరైనా దాతలు పెడితే పెట్టనీ, నిధిలోంచి వద్దని కమిటీలో ఎక్కువమంది అభిప్రాయం. ఆడిటర్ ఫీజు, బ్యాంకు చార్జీలు, రశీదు పుస్తకాలు కలిపి 6,120.

మిగిలిన 78,000లో 30,000 పైన చెప్పిన తీర్మానం కింద పక్కన పెట్టాం. ఇద్దరు పిల్లలకు రెండో సెమిస్టర్ హాస్టల్ కోసం 36,000 ఇస్తామని మాటిచ్చాం. అంటే చేతిలో కొత్తవాళ్లకు ఉన్నది 12,000 మాత్రమే. ఈ వేసవిలో ఇంటర్ పాసై బయటకు పోయే పిల్లలు మన దగ్గర పేరు రాయించుకున్నవాళ్లే ఏడుగురు ఉన్నారు, బ్యాచ్‌ల వాళ్లు దసరా దాకా ఆగకుండా జూన్‌లోపు పంపగలిగితే పంపండి.

రశీదులు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ బడిలో హెడ్‌మాస్టర్ గారి గదిలో ఫైలు కట్టి పెట్టాం. సెలవులైనా ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా కమిటీ వాళ్లు ఇద్దరు అక్కడ ఉంటారు. ఏ పద్దు మీద అనుమానం ఉన్నా వచ్చి చూసి, అక్కడున్న పుస్తకంలో రాసి సంతకం పెట్టండి, నెల రోజుల్లో జవాబు అదే పేజీలో రాస్తాం.

ఇట్లు,
నిధి కమిటీ సభ్యులు