చెన్నపట్నం తెలుగువాళ్ల చరిత్రకు చిన్న గ్రాంట్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో తెలుగువాళ్ల చరిత్ర మీద మీరు వేసే వ్యాసాలన్నీ చదువుతాను. దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీదే ఈ పట్నం వెలిసిందని, నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను ఇక్కడ దినపత్రికగా మొదలుపెట్టారని, పొట్టి శ్రీరాములుగారు 1952లో మైలాపూరులో ప్రాణం విడిచారని చదివినప్పుడల్లా గర్వంగా ఉంటుంది. కానీ ఈ చరిత్రను కాపాడటానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలో మాత్రం ఎవరూ రాయడం లేదు. నేను ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూసి రిటైరైన మనిషిని. అందుకే ఆ సంగతే రాస్తున్నాను.

పాత చాకలిపేటలో, చుట్టుపక్కల వీధుల్లో ఉన్న తెలుగువాళ్లం కొందరం కలిసి ఇళ్లలో మిగిలిన పాత కాగితాలు పోగుచేస్తున్నాం. ఒకరింట్లో తాతగారి ధాన్యం కొట్టు చిట్టా పుస్తకాలు దొరికాయి. అందులో రాతంతా గొలుసుకట్టు, అంటే అక్షరాలు ఒకదానికొకటి కలిపి రాసే పాత పద్ధతి. ఏ ఊరి నుంచి ఎన్ని బస్తాలు వచ్చాయో, కరువు ఏడాది ఎవరెవరికి అప్పు ఇచ్చారో, అది ఎలా తీరిందో అన్నీ ఉన్నాయి. ఇంకొకరింట్లో నాటక సమాజం కరపత్రాలు, మూతపడిన తెలుగు బడి హాజరు పట్టీలు, వడపళని స్టూడియోల్లో మేకప్ పనిచేసిన ఒక పెద్దాయన దాచుకున్న ఫొటోలు. ఆ ఫొటోల్లో హీరోలు ఒక పక్కన ఉంటారు. మిగతా అంతా లైట్లు మోసినవాళ్లు, సెట్లు కట్టినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు. వాళ్ల పేర్లు చెప్పగలిగేది ఆ పెద్దాయన ఒక్కరే. ఆయనకు ఎనభై దాటాయి.

కాగితమే లేనివాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఈ నగరంలో పారిశుద్ధ్య పని చేసే కుటుంబాల్లో చాలామంది తాతల కాలంలో ఆంధ్ర వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే. వాళ్లకు శిలాఫలకాలు లేవు, పార్కులకు వాళ్ల పేర్లు లేవు. ఎప్పుడు వచ్చారు, ఎక్కడ గుడిసెలు వేసుకున్నారు, ఎవరు పిలిపించారు అనేదంతా ముసలివాళ్ల నోటనే ఉంది. కూర్చోబెట్టి రికార్డు చేయాలి. చేసిన దాన్ని ఓపికగా రాసి పెట్టాలి. నా దృష్టిలో ఇది నాయకుల చరిత్ర కన్నా ఒక్క మెట్టు కూడా తక్కువ కాదు.

దీనికంతా మేం వేసుకున్న బడ్జెట్ లక్షన్నర. పుస్తకం విప్పి పెడితే పైనుంచి ఫొటో తీసే స్కానర్ ఒకటి, హార్డ్ డిస్కులు రెండు, ఆమ్లం లేని కాగితంతో చేసిన పెట్టెలు, ఒక మంచి రికార్డర్, గొలుసుకట్టు చదివే పెద్దమనిషికి నెలనెలా కొంత గౌరవవేతనం. ఈ చివరిదాని మీద నేను చాలా పట్టుబట్టాను. సముద్రపు గాలికి, చెదలకు కాగితం పాడైపోతుందని అందరికీ తెలుసు. కానీ కాగితం మిగిలినా చదివేవాళ్లు ఉండాలి కదా. 2006 చట్టం తర్వాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మా పిల్లలకు మంచిదే, అందులో ఫిర్యాదు ఏమీ లేదు. అయితే తెలుగు చదివే పిల్లలు తగ్గిపోయారు. అచ్చు తెలుగే రానివాళ్లకు గొలుసుకట్టు ఎక్కడ వస్తుంది?

ఇక డబ్బు కోసం తిరిగిన కథ. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) డబ్బు ఏ పనులకు ఖర్చు పెట్టవచ్చో చెప్పే కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులోనే వారసత్వం, కళలు, సంస్కృతి పరిరక్షణ ఉంది. అయిదు వందల కోట్ల నికర విలువో, వెయ్యి కోట్ల టర్నోవరో, అయిదు కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. చెన్నైలో అలాంటి కంపెనీలు తక్కువేమీ కాదు. కానీ డబ్బు తీసుకునే సంస్థ రిజిస్టరై ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు ఉండాలి, కంపెనీల శాఖ దగ్గర నమోదు కోసం సీఎస్ఆర్-1 ఫారం వేసి ఉండాలి, అదే రకం పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. దొంగ సంస్థలను ఆపడానికి పెట్టిన నిబంధనలు ఇవి. ఎందుకు పెట్టారో నాకు బాగా తెలుసు, వాటిని తీసేయమని అడగను. కానీ మా లాంటి గుంపు రిజిస్టర్ చేసుకుని మూడేళ్లు ఆగేలోపు ఆ మేకప్ పెద్దాయన ఉంటారా?

ఒక కంపెనీ వాళ్లు అనుభవం లేదని చెప్పి పంపించేశారు. ఒక ఆఫీసులో ఇచ్చిన ఫారంలో భవనం ఏ సంవత్సరం కట్టింది, యాజమాన్య పత్రాలు ఏవి, మరమ్మతు అంచనా ఎంత అని అడిగారు. మా దగ్గర భవనం లేదు, ట్రంకు పెట్టెలు ఉన్నాయి. ఇంకొకచోట ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు చూసి తర్వాత ఇస్తామన్నారు. పెన్షన్ల మీద బతికేవాళ్లం లక్షన్నర ముందు ఎక్కడ తెస్తాం?

చిన్నవాళ్లను నమ్మి డబ్బిచ్చే పద్ధతులు లేకపోలేదు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వ్యక్తులకు కూడా గ్రాంట్లు ఇస్తుంది, దరఖాస్తు మన భాషలోనే రాసుకోవచ్చు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి ప్రమాదంలో ఉన్న పాత పత్రాల కోసం ఒక పథకం నడుపుతోంది. అసలు కాగితాలు దేశం దాటవు, డిజిటల్ ప్రతులే చేస్తారు. ఇక తమిళుల వైపు చూడండి. కోట్టైయూరులో రోజా ముత్తయ్య అనే ఒక్క మనిషి ఇంటినిండా పోగుచేసిన పుస్తకాలను ఆయన పోయాక షికాగో విశ్వవిద్యాలయం కొని, 1994లో చెన్నైలోనే పరిశోధన గ్రంథాలయంగా నిలబెట్టింది. సమయానికి డబ్బు రాకపోయి ఉంటే ఆ పుస్తకాలు ఏమయ్యేవో! మనవైపు పాత ఆంధ్రపత్రిక సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించబట్టే ఈరోజు ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాం. బ్రౌన్ దొర సంగతి సరేసరి. పండితులకు, లేఖకులకు సొంత జీతంలోంచి డబ్బిచ్చి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. వాళ్లకు నెలనెలా డబ్బు అందబట్టే మనకు అన్ని పుస్తకాలు మిగిలాయి.

మూడేళ్ల నిబంధనకు దారి ఉంది. ఇప్పటికే అన్ని రిజిస్ట్రేషన్లూ ఉన్న తెలుగు సంఘాలు చెన్నైలో ఎన్నో ఉన్నాయి. వాటిలో సాహిత్య, సాంస్కృతిక పనుల్లో ఏళ్ల అనుభవం ఉన్నవి ముందుకొచ్చి, గ్రాంటును తమ పేరు మీద తీసుకుని, విడి ఖాతాలో పెట్టి, మా లాంటి గుంపులకు పనిని బట్టి విడుదల చేయవచ్చు. ఆడిట్ వాళ్లదే, పని మాది. అలాంటి సంఘానికి లెక్కలు రాసి పెట్టడానికి నేను సిద్ధం, పైసా తీసుకోను. ఏటా ఉగాదికి, సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి కేటాయించినా చాలు, కంపెనీ కోసం కూడా ఎదురుచూడక్కర్లేదు.

రెండు తెలుగు ప్రభుత్వాలనూ ఒకటి అడుగుతున్నాను. రాష్ట్రం బయట ఉన్న తెలుగువాళ్ల చరిత్ర సేకరణకు యాభై వేల నుంచి రెండు లక్షల వరకు చిన్న గ్రాంట్లు పెట్టండి. దరఖాస్తు తెలుగులో ఉండాలి, రెండు పేజీలు మించకూడదు. సగం డబ్బు ముందే ఇవ్వాలి. భవనం ఉందా అని అడగకూడదు. మేం చేసే ప్రతి స్కానూ, ప్రతి రికార్డింగూ ఉచితంగా అందరికీ పెట్టాలని షరతు పెట్టండి, సంతోషంగా ఒప్పుకుంటాం. మాటలు చెప్పినవాళ్ల అనుమతి మాత్రం ముందు రాయించుకోవాలి. వాళ్లు వద్దన్న భాగం బయటపెట్టకూడదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. గ్రాంట్ల ప్రకటనలు ఇంగ్లీషులో వెబ్‌సైట్లలో వచ్చి పోతుంటాయి, గడువు దాటాక మాకు తెలుస్తుంది. నెలకొకసారి చెన్నై పేజీలో ఎవరు ఇస్తున్నారు, ఎవరు అర్హులు, చివరి తేదీ ఎప్పుడు అని నాలుగు పంక్తులు వేయండి. ఇంగ్లీషు ఫారాలు నింపడం రానివాళ్లు ఆదివారాలు మా దగ్గరికి వస్తే కూర్చుని నింపి పెడతాను.

— ఒక పాఠకురాలు, పాత చాకలిపేట, చెన్నై