ఆకులు పగలు చూడాలి, షాపింగ్ చీకటి పడ్డాక

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ ఆకురాలు కాలం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి కానీ వెళ్లేవాళ్లకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు, పైగా ఆ పేజీ కిందనే 'దసరా సెలవుల్లో ఎర్రని ఆకుల జపాన్' అంటూ ట్రావెల్స్ వాళ్ల ప్రకటన. దసరా ఒక్కో ఏడు అక్టోబరు మొదట్లో వస్తుంది, ఒక్కో ఏడు నాలుగో వారం దాకా జరుగుతుంది. ఎప్పుడొచ్చినా ఆ రోజుల్లో టోక్యోలో, క్యోటోలో చెట్లు పచ్చగానే ఉంటాయి. అక్కడ ఆకుల రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండ మీద నుంచి కిందికి దిగుతుంది. హొక్కైడో కొండల్లో సెప్టెంబరులోనే మొదలై, టోక్యోకు ఉత్తరాన ఉన్న గుళ్ల ఊరు నిక్కో పైన చూజెంజి సరస్సు దగ్గరికి అక్టోబరు రెండో సగంలో, నిక్కో ఊళ్లోకి నవంబరు మొదట్లో, టోక్యో, క్యోటోలకు నవంబరు చివర్లో వస్తుంది. రాత్రి చలి పెరిగితేనే ఆకుపచ్చ పోయి ఎరుపు వస్తుంది, మన సెలవులు చూసుకొని రాదు కదా. దసరాకే వెళ్లక తప్పదంటే ఎత్తయిన చోట్లు పెట్టుకోవాలి, లేదంటే దీపావళి అయ్యాక కదలాలి. స్కూలు పిల్లలున్నవాళ్లకు అది కష్టమే, తెలుసు.

ఇంతకీ నేను రాయాలనుకున్నది టైము గురించి. నవంబరు చివర్లో టోక్యోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. అదే రోజుల్లో మన హనుమకొండలో ఐదున్నర దాటేదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆ తేడా మనకు తట్టదు. మా కాలనీ వాళ్లు కొందరు పోయిన నవంబరులో ప్యాకేజీలో వెళ్లారు. ఏజెంటు పేరు ఎందుకులెండి. నిక్కో వెళ్లే రోజు పొద్దున తొమ్మిదింటికి బస్సెక్కించి, ముందు ఒక పెద్ద దుకాణం దగ్గర దింపి, అక్కడ గంటన్నర ముత్యాలూ మందు బిళ్లలూ చూపించి, దారిలో ఇంకో షాపింగ్ సెంటరులో భోజనమని ఆపి, మొత్తానికి తోషోగు గుడి గేటు దగ్గరికి చేరేసరికి టికెట్లు ఆపేశారట. నవంబరు నుంచి మార్చి దాకా ఆ గుడి సాయంత్రం నాలుగింటికే మూస్తారు, చివరి ప్రవేశం మూడున్నరకు. 1999లో యునెస్కో జాబితాకెక్కిన చోటు అది, అంత దూరం పోయి గోడ బయట నిలబడి ఫొటో దిగి వచ్చారు. దుకాణాల దగ్గర అంతసేపు ఎందుకు ఆపుతారో నేను చెప్పక్కర్లేదు.

మా అల్లుడి ఉద్యోగం టోక్యోలో, అందుకని నేనూ మా ఆవిడా అక్కడ ప్యాకేజీ లేకుండానే తిరిగాం. పొద్దున్నే రైలెక్కడం, కొండో గుడో పగటి వెలుతురులో చూసేయడం, చీకటి పడేసరికి ఊళ్లోకి వచ్చి అంగళ్లు తిరగడం, ఇంతే మా పద్ధతి. నిక్కోకు టోక్యోలోని అసకుసా స్టేషన్ నుంచి తోబు కంపెనీ రైలు ఉంది, ఎక్స్‌ప్రెస్ అయితే రెండు గంటల లోపే. పైన 97 మీటర్ల కెగోన్ జలపాతం, చూజెంజి సరస్సు చూడాలంటే ఇరోహాజాకా ఘాట్ రోడ్డు ఎక్కాలి, ఎక్కే దారి, దిగే దారి కలిపి 48 మలుపులు. ఆకుల సీజన్‌లో శని, ఆదివారాలు ఆ రోడ్డు మేడారం జాతరప్పటి తాడ్వాయి రోడ్డే, బస్సు కదలదు. వారం మధ్యలో వెళ్లండి. నవంబరు 3, 23 అక్కడ ప్రభుత్వ సెలవులు, ఆ రెండు రోజులూ కొండల వైపు పోకపోవడమే మేలు.

అంత దూరం వద్దనుకుంటే షింజుకు నుంచి కేయో లైన్‌లో తకావో కొండ ఉంది, ఎత్తు 599 మీటర్లు, గంట లోపు ప్రయాణం, టికెట్ 500 యెన్ల లోపే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సగం కొండ దాకా కేబుల్ కారు ఉంది, మా ఆవిడ అందులోనే వచ్చింది. ఇకెబుకురో నుంచి అరగంటలో కవగోయే అనే పాత ఊరు, నల్లటి మందపాటి గోడల గిడ్డంగి ఇళ్లు, వీధంతా కందగడ్డతో (చిలగడదుంపతో) చేసిన తీపి పదార్థాలే. ఇవేవీ జపాన్ రైల్వేస్ (జేఆర్) రైళ్లు కావు, కనుక ఏజెంట్లు అంటగట్టే జేఆర్ పాస్ వీటికి పనికిరాదు. ఏడు రోజుల పాస్‌ను 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒకేసారి 50,000 చేశారు. టోక్యోలోనే ఉండి చుట్టుపక్కల తిరిగేవాళ్లకు అది దండగ.

ఇక షాపింగ్. ఉయెనో దగ్గర అమెయోకో బజారు రాత్రి ఏడెనిమిది దాకా ఉంటుంది, డాన్ కిహోటే దుకాణాలు అనేకం తెల్లవార్లూ తెరిచే ఉంటాయి. వాటి కోసం పగటిపూట పాడుచేసుకోవడం ఏమిటి? కత్తులు, వంట సామాన్లు దొరికే కప్పాబాషి వీధి ఒక్కటే దీనికి మినహాయింపు, అక్కడ చాలా దుకాణాలు ఐదింటికల్లా కట్టేస్తారు, ఆదివారం చాలావాటికి సెలవే, అందుకే దాన్ని వాన పడే రోజుకు ఉంచుకోవాలి. కత్తి కొంటే చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. రైస్ కుక్కర్ల మీద మనవాళ్లకు మోజెక్కువ, కానీ అక్కడి కరెంటు 100 వోల్టులు, మన 230కి తగిలిస్తే కాలిపోతుంది.

పన్ను సంగతి కూడా మీ వ్యాసంలో రాలేదు. ఒకే దుకాణంలో ఒకే రోజు 5,000 యెన్లు, ఆపైన కొంటే, పాస్‌పోర్టు చూపించగానే కౌంటరు దగ్గరే పన్ను తీసేసే పద్ధతి 2026 అక్టోబరు ఆఖరు దాకానే. నవంబరు 1 నుంచి ముందు పన్నుతో సహా కట్టాలి, తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ వాళ్లు సరుకు తీసుకెళ్తున్నట్టు నిర్ధారించాక డబ్బు వెనక్కి వస్తుంది. సరిగ్గా ఆకుల సీజన్‌లోనే మార్పు. కాబట్టి ఎయిర్‌పోర్టుకు ఇంకాస్త ముందుగా చేరాలి, కొన్నవి అడగ్గానే చూపించేలా సర్దుకోవాలి.

కార్తీకమాసంలో నీచు ముట్టనివాళ్లకు ఒక మాట. కూరగాయల సూపు అని ఇచ్చినదాంట్లో కూడా చాలాసార్లు ఎండు చేప రసమే ఉంటుంది. నిక్కోలో యుబా అని సోయాపాల మీగడ దొరుకుతుంది, బాగుంటుంది, కానీ అది వండిన రసం ఏమిటో అడిగి తినండి. మేం పులిహోర కట్టుకొని వెళ్లాం.

అయ్యా, నా విన్నపం చిన్నది. టూర్ ప్రకటనలు వేసేటప్పుడు ఏ తేదీకి ఏ ఊళ్లో ఆకులు ఎర్రబడతాయో పక్కనే ఒక చిన్న పట్టిక వేయండి. డబ్బు కట్టబోయే పాఠకులు మాత్రం బస్సు నిక్కో గుడి గేటు దగ్గరికి ఎన్ని గంటలకు చేరుతుంది, దారిలో ఎన్ని దుకాణాల దగ్గర ఆగుతుంది అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ