మాస్టారు దొరికాడు

మహారాణిపేట,
విశాఖపట్నం.

ఒరేయ్ యాభైనాలుగూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంట్లో రిపేర్లు, ఏమీ అనుకోకు. అక్క మోకాలి ఆపరేషన్ బాగానే అయింది, నడుస్తోంది. మేమందరం కులాసా. మిగతా కబుర్లు తర్వాత. ఈ ఒక్కటీ చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

మాస్టారు దొరికాడు!

అవునురా, ఆ మాస్టారే. పసుప్పచ్చ ఒళ్ళు, కళ్ళద్దాలు, గుబురు మీసం. మీ నాన్నగారు ఓడ దిగుతూ సింగపూర్ నుంచి తెచ్చిన లెక్కలడిగే బొమ్మ, లిటిల్ ప్రొఫెసర్. నువ్వు ఎక్కడో పారేశావని మీ నాన్నగారు వారం రోజులు నీతో మాట్లాడలేదు చూడు, అదే. ఎక్కడ దొరికిందో తెలుసా? మా అటక మీద, బొమ్మల కొలువు పెట్టెలో.

స్లాబు కారుతోందని మొన్న అటక ఖాళీ చేయించాను. 2014 హుద్‌హుద్‌కి పైగది కిటికీ తలుపులు ఎగిరిపోయాయి గానీ ఆ రేకుపెట్టె మాత్రం కదల్లేదు. లోపల ఏటికొప్పాక లక్కబొమ్మలన్నీ అమ్మ పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కోటీ విప్పుతుంటే చేతికి ప్లాస్టిక్ తగిలింది. గుండె ఆగినంత పనైంది.

1984 సంక్రాంతి గుర్తుందా? కొలువులో బడి పెడదామని చెక్కబొమ్మలన్నిటినీ వరసగా కూర్చోబెట్టి, ముందు మాస్టారిని నిలబెట్టాం. పండగ అయ్యాక అమ్మ అన్నిటితోపాటు ఆయన్నీ మూటకట్టేసింది. ఆ మాఘంలోనే నాయనమ్మ పోయింది. మరుసటి ఏడు కొలువు లేదు. ఆ తర్వాత ఆ పెట్టె ఎవరూ దించలేదు. మనమేమో బీచ్ ఇసుకంతా తవ్వి వెతికాం! నా వల్లే నీకు... సరే, అది ఎదురుగా ఉన్నప్పుడు మాట్లాడుకుందాం.

ఇంకో మాట విను. వెనక మూత తీశాను. బ్యాటరీ లేదు. ‘ఆట అయ్యాక బ్యాటరీ తీసెయ్యండ్రా, ఆ ఎర్ర దీపాలు ఊరికే తాగేస్తాయి’ అని మీ నాన్నగారు పదిసార్లు చెప్పేవారు కదా. ఆ మాట విని తీసేశాం కాబట్టే ఇన్నేళ్ళకీ లోపల చీమూ నెత్తురూ కారలేదు. ఉండిపోయి ఉంటే బోర్డంతా తినేసేది. ఆయన ఉండగా దొరికి ఉంటే ఎంత... ఏమో రా.

మన సముద్రపు గాలి ఊరుకుంటుందా? బ్యాటరీ క్లిప్పు పచ్చగా చిలుం పట్టింది. పెన్సిల్ రబ్బరుతో గంటసేపు రుద్దాను. నల్ల తీగ చేతిలోకి ఊడొచ్చింది. పూర్ణా మార్కెట్ దగ్గర టీవీలు బాగుచేసే పెద్దాయన టంకం పెట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోనన్నాడు. ఆయనా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చాలాసేపు వదల్లేదు. కొత్త నైన్ వోల్ట్ బ్యాటరీ కొన్నాను. ముందు నాలిక మీద పెట్టి చూశా. జివ్వుమంది, అప్పట్లాగే!

మీట జరిపాను. వెలగలేదు. మళ్ళీ జరిపాను. ఎర్రటి చిన్న చిన్న అంకెలు! దీపం ఆర్పేసి చీకట్లో కూర్చుని చూశానురా, మనం దుప్పట్లో దూరి చూసినట్టు.

అక్క మనవరాలు మూడో తరగతి, సెలవులకి వచ్చింది. చేతికిచ్చాను. ‘తాతయ్యా, ఇదేం క్యాలిక్యులేటర్? మనం అడిగితే చెప్పాలి గానీ ఇది మనల్ని అడుగుతోందేంటి?’ అంది. మనల్ని కట్టిపడేసింది అదే కదా! 1976లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళు చేసిన గొప్ప పని అది. క్యాలిక్యులేటర్‌ని తిరగేసి మాస్టారిని చేశారు. 16 వేలకు పైగా లెక్కలున్నాయట, మనం అన్నీ చేసేద్దామని పందెం వేసుకున్నాం. తప్పు చెబితే మూడు ‘ఈ’లు. మూడుసార్లు తప్పితే తనే జవాబు చెబుతాడు, తిట్టడు. పది లెక్కలకోసారి ఎన్ని ఒప్పో చూపిస్తాడు. మన బళ్ళో బెత్తం చూసి వణికే నేను ఎక్కాలు నేర్చుకుంది ఆయన దగ్గరే.

పిల్లకి ఏడు ఎనిమిదులు వచ్చింది. వేళ్ళు లెక్కపెట్టి ఏం కొట్టిందో చెప్పనా? 54! ఈఈఈ! నేను నవ్వలేక చచ్చాను. దానికి నీ కథంతా చెప్పాను, నిన్ను చూడాలంటోంది. పది లెక్కలూ అయ్యాక ఎనిమిది చూపించింది. ఇంకోసారి, ఇంకోసారి అని పదిన్నర దాకా వదల్లేదు.

మీ నాన్నగారు తరవాతి ట్రిప్పులో మాట్లాడే బొమ్మ తెస్తానన్నారు, స్పెల్లింగులు అడిగేది, గుర్తుందా? అది కూడా ఆ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళదే, 1978ది. దాని గురించి నీకు ఇంకో పెద్ద...

అయ్యో, ఆటో వచ్చేసింది. బావమరిది గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నాడు, ఉత్తరం వాడి చేతికిస్తున్నా. మాస్టారిని మాత్రం ఇవ్వను, నువ్వే వచ్చి తీసుకెళ్ళు. బ్యాటరీ తీసేశాలే.

నీ
ఏడెనిమిదులు