ఆ ఫొటోలో చెరిగిపోయిన ముఖం ఎవరిది?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం పొద్దున మా మనవడు మీ పేపర్‌లో ఆటల పేజీ ముందేసుకుని కూర్చుని, "తాతా, ఇప్పుడు మన క్లబ్బు ఏది?" అని అడిగాడు. వాడికి పదిహేనేళ్లు. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు పసుపు జెర్సీ వేసుకుని స్కూల్ గ్రౌండంతా తిరిగినవాడు. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. జెర్సీ వాడికిప్పుడు పొట్టిదైంది, భుజాల దగ్గర పట్టేస్తోంది, అయినా ఎవరికీ ఇవ్వనివ్వడు. వాడికి నేను అప్పటికప్పుడు ఏ జవాబూ చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి మా నాయిన ట్రంకుపెట్టె తెరిచి, అడుగున ఉన్న ఒక పాత పేపర్ ముక్క బయటకు తీశాను. దాన్ని ముందు పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నల్లగొండ జిల్లాలో జెడ్పీ హైస్కూళ్లలో పీఈటీగా, అంటే వ్యాయామం సారుగా పనిచేసి రిటైరయ్యాను. మా నాయినది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. సాయుధ పోరాటం రోజుల్లో ఊళ్లో ఎవరు ఎప్పుడు ఏమవుతారో తెలియక, మా తాత నాయినను పట్నం పంపించాడు. పదమూడేళ్ల పిల్లవాడు నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో గ్లాసులు కడిగే పనికి కుదిరాడు. ఊళ్లో ఉర్దూ మీడియంలో నాలుగో తరగతి దాకా చదివాడు కాబట్టి, గిరాకీ లేనప్పుడు ఉర్దూ పేపర్ గట్టిగా చదివి వినిపించడం కూడా ఆయన పనే అయింది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఆయన బతుకులోకి వచ్చింది ఆ పేపర్ల లోంచే.

ఈ తరం పాఠకులకు ఆ జట్టు పేరు తెలియకపోవచ్చు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. వరుసగా ఐదేళ్లు! కలకత్తా జట్లదే పెత్తనంగా ఉన్న కాలంలో, పొద్దున పరేడ్ చేసి సాయంత్రం బంతి తన్నే పోలీసులు కూపరేజ్ మైదానానికి పోయి కప్పు పట్టుకొచ్చేవాళ్లు. ప్రపంచయుద్ధంతో ఆగిపోయి 1950లో మళ్లీ మొదలైన డ్యూరాండ్ కప్పునూ ఢిల్లీలో గెలిచింది వాళ్లే. ఫైనల్లో ఎదురుగా మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ డ్రా అయింది. మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో 1-0తో మనవాళ్లు గెలిచారు. మా నాయినకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట ఇదే. మ్యాచ్ ఆయన చూడలేదు. ఢిల్లీ ఎక్కడ, నాంపల్లి హోటల్ ఎక్కడ! కానీ ఆ వార్త ముందుగా చదివి అందరికీ చెప్పింది తనే. హోటల్లో ఉన్నవాళ్లంతా మళ్లీ చదవమంటే మూడుసార్లు చదివానని, మూడోసారికి గొంతు పోయిందని చెప్పేవాడు.

తర్వాత నాయిన నల్లగొండ వచ్చి బస్టాండ్ దగ్గర చిన్న చాయ్ హోటల్ పెట్టుకున్నాడు. రాత్రి షట్టర్ దించాక నన్ను కూర్చోబెట్టుకుని, ఖాళీ చాయ్ గ్లాసులు టేబుల్ మీద జట్టులా పేర్చేవాడు. వెనక రెండు, మధ్యలో మూడు, ముందు ఐదు. చివర బోర్లించిన సాసరు గోల్‌కీపర్. ఉస్మానియా బిస్కట్ ముక్క బంతి. ఆ ముక్కను చూపుడువేలితో ఒక గ్లాసు దగ్గర నుంచి ఇంకో గ్లాసు దగ్గరకు జరుపుతూ, "చూడు, ఎవ్వని దగ్గరా ఆగొద్దు. ఆగితే కోచ్ రహీం సాబ్ ఊకోడు" అనేవాడు. అప్పటికి నాకు ఏడెనిమిదేళ్లు. గ్లాసుల అడుగున మిగిలిన చాయ్ వాసన, టేబుల్ మీద గ్లాసుల తడి గుర్తులు, నాయిన వేలికొసకు అంటిన బిస్కట్ పొడి, ఇవన్నీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. గెలిచిన కథ అయిపోయాక ఆ బిస్కట్ ముక్క నాకే ఇచ్చేవాడు.

రహీం సాబ్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. భారత జట్టు ఆయన చేతుల్లోనే 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా గెలుపు తర్వాత ఏడాది కూడా తిరగకముందే 1963 జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయారు. నాకు పీఈటీ ఉద్యోగం వచ్చిన రోజు మా నాయిన ఆర్డర్ కాగితం చేతిలో పట్టుకుని, "రహీం సాబ్ కూడా సారే గదరా" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ మాట నేను ఉద్యోగం చేసినన్ని రోజులూ నా వెంటే ఉంది.

రహీం సాబ్ హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్ల దగ్గరే ఆడించుకుంటూ ముందుకు పోవడం, చేయకూడదనే నిబంధనతో పోటీలు పెట్టేవారని, బలం లేని కాలితోనే బంతి కొట్టాలనే పోటీలు కూడా పెట్టేవారని నేను చదివాను. మునుగోడు వైపు ఒక హైస్కూల్లో పనిచేస్తున్నప్పుడు అవి నాకు నిజంగా అక్కరకొచ్చాయి. ఆ పక్క ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నా పిల్లల్లో కొందరు పది నిమిషాలు పరుగెత్తితే మోకాళ్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. బంతి వెంట ఉరకడం వాళ్ల వల్ల అయ్యేది కాదు. అప్పుడు నాకు నాయిన గ్లాసులు యాదికొచ్చాయి. "ఉరకొద్దు, బంతిని ఉరికించండి" అని చెప్పి, శనివారం శనివారం డ్రిబ్లింగ్ లేని ఆట, నెలకోసారి ఎడమకాలి ఆట మొదలుపెట్టాను. బూట్లు లేవు. గోల్‌పోస్టులు రెండు తుమ్మ మొద్దులు. ఏడాది తిరిగేసరికి వాళ్ల పాస్‌లు చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఆ పిల్లలే జోనల్ పోటీల్లో ఫైనల్ దాకా వచ్చారు. నల్లగొండలో ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో మ్యాచ్. ఊరి నుంచి ఒక ట్రాక్టర్ నిండా జనం వచ్చారు. అంతకుముందు ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని తల్లులు కూడా సద్ది మూటలతో గట్టు మీద కూర్చున్నారు. మేం 2-1తో ఓడిపోయాం. కానీ ఆ ఒక్క గోల్ ఉంది చూడండి, సెంటర్ నుంచి ఆరు పాస్‌లు, ఒక్కడి దగ్గరా బంతి రెండు క్షణాలు ఆగలేదు. చివర కొట్టినవాడు ఎడమకాలితో కొట్టాడు. వాడిది ఎడమకాలి వాటం కాదు. నెలకోసారి నేను ఆడించిన ఆటలో నేర్చుకున్న కాలు అది. ఆ గోల్‌కు గట్టు మీద లేచిన కేక నేను తర్వాత ఏ స్టేడియంలోనూ వినలేదు.

ఇక నా మనవడి ముచ్చట. 2022 మార్చి 20, ఆదివారం. గోవాలో ఫతోర్డా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్, హైదరాబాద్‌కూ కేరళ బ్లాస్టర్స్‌కూ. మా ఇంట్లో టీవీ ముందు నేను, నా భార్య, బిడ్డ, అల్లుడు, వాడు. స్టేడియం అంతా పసుపే. కేరళ అభిమానుల పసుపు అది. ఆ రోజు పసుపు జెర్సీ వేసుకుంది మాత్రం మనవాళ్లు, కేరళ నలుపులో దిగింది. వాడు మొదట్లో జనమంతా మనవాళ్లే అనుకుని సంబరపడ్డాడు. 68వ నిమిషంలో కేరళ రాహుల్ గోల్ కొట్టాక ఆ పసుపంతా లేచి ఊగుతుంటే అప్పుడు అర్థమై ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నా భార్య అన్నం తినమని రెండుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు. ఇంకో రెండు నిమిషాల్లో తొంభై అయిపోతాయనగా, బాక్స్ బయట నుంచి సాహిల్ తవోరా గాల్లో ఉన్న బంతిని అందుకుని కొట్టాడు. 1-1. మా అల్లుడు కుర్చీ వెనక్కి పడేశాడు.

ఎక్స్‌ట్రా టైమ్ టెన్షన్‌లోనే గడిచింది. పెనాల్టీలు వచ్చేసరికి వాడు దిండు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణినే చూస్తున్నాను. ఎందుకంటే 2015 డిసెంబర్‌లో ఇదే మైదానంలో, ఇదే టోర్నమెంట్ ఫైనల్లో ఆయన గోవా జట్టుకు కీపర్. గోవా 2-1తో ముందున్నప్పుడు 90వ నిమిషంలో ఆయన వల్లే బంతి సొంత గోల్‌లోకి పోయింది. ఆ వెంటనే చెన్నయిన్ జట్టు ఇంకో గోల్ కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. సొంత ఊరివాళ్ల ముందు అలాంటి దెబ్బ తిన్న మనిషి మళ్లీ అదే గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాడు. కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కొట్టింది ఆపాడు. నిషు కుమార్ కొట్టింది ఆపాడు. లైన్ ముందే దాటావని రిఫరీ మళ్లీ కొట్టించాడు. అదీ ఆపాడు. జీక్సన్ కొట్టిందీ ఆపాడు. చివరికి మన నర్జారీ కొట్టిన బంతి నెట్‌లో పడగానే 3-1తో కప్పు మనదైంది. దిండు పక్కకు పడేసి మనవడు నా మెడకు చుట్టుకున్నాడు. మా నాయిన పోయి అప్పటికి పదమూడేళ్లు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. రాత్రి పదకొండింటికి చల్లారిన అన్నం తిన్నాం. వంటింట్లోంచి ఐదు గ్లాసులు తెచ్చి వాడి ముందు పేర్చాను.

2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు కూడా వాణ్ని బస్సులో తీసుకెళ్లాను. కేరళ మీద బెంగాల్ ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టి 33వ సారి గెలిచింది. మంచి ఆట. కానీ వాడు తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి, "మనది కాదు కదా తాతా" అన్నాడు.

సార్, నేను అడిగేది ఒక్కటే. మీ ఆటల పేజీలో వారానికోసారి ఒక చిన్న చోటు ఇవ్వండి. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటలు కళ్లతో చూసినవాళ్లు, రోవర్స్ కప్, డ్యూరాండ్ ముచ్చట్లు తండ్రుల నోట విన్నవాళ్లు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిన రోజు గుర్తున్నవాళ్లు, గచ్చిబౌలిలో మొన్నటి దాకా డప్పు కొట్టిన పిల్లలు, అందరినీ రాయమనండి. రాయలేని పెద్దవాళ్లుంటే వాళ్ల మనవలు ఫోన్‌లో రికార్డు చేసి పంపుతారు. ఇది తొందరగా జరగాలి. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి ఒలింపిక్స్ దాకా పోయిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆ తరం ఆటగాళ్లే మిగల్లేదంటే, వాళ్లను చూసినవాళ్లు ఇంకెందరు మిగిలి ఉంటారు? క్లబ్బు ఊరు మారితే పిల్లలు ఇంకో క్లబ్బు వెతుక్కుంటారేమో. కానీ ఐదుసార్లు వరుసగా కప్పు తెచ్చిన ఊరు తమదని వాళ్లకు తెలియకుండా పోవడం నాకు సహించడం లేదు.

ముందుగా నా వంతు నేను పంపుతున్నాను. నాయిన దాచుకున్న ఆ ఉర్దూ పేపర్ ముక్క ఫొటో ఈ ఉత్తరానికి జతచేశాను. నేను ఉర్దూ చదవలేను. మా స్కూల్లో ఉర్దూ చెప్పిన సారు ఒకరు చదివి, ఐదోసారి రోవర్స్ కప్ గెలిచిన వార్త అని చెప్పారు. కాగితం బెల్లం రంగుకు తిరిగింది. ఒక మూల చాయ్ మరక ఉంది. జట్టు ఫొటో కింద పేర్లున్న వరుస సగం దాకా చిరిగిపోయింది. నాయిన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తిప్పినట్టున్నాడు, నిలబడ్డ వరుసలో కుడి నుంచి రెండో ఆటగాడి ముఖం సరిగ్గా మడత మీద పడి చెరిగిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని, ఎడమకాలి సాక్స్ కిందికి జారి ఉన్న మనిషి. ఆయన ఎవరో చెప్పగలిగిన పాఠకులు ఉంటే దయచేసి మీ పత్రికకు రాయమని కోరుతున్నాను. మా మనవడు ఆ పేరు కోసం ఎదురుచూస్తున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
నల్లగొండ.