సూళ్లూరుపేటలో లాడ్జి లెక్క

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. పక్కనున్న శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్, అంటే రాకెట్లు వదిలే గద్దె, వస్తోందని పేపర్లో చూసి, సూళ్లూరుపేటలో ఇరవై గదుల లాడ్జి కట్టేస్తానని మీ బావమరిది కూర్చున్నాడన్నమాట. అడ్వాన్సు ఇచ్చేలోపు ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. కోపమొస్తే నన్నే తిట్టుకోమను.

ముందు లెక్క చూద్దాం. శ్రీహరికోట నుంచి కక్ష్య కోసం ఎగిరిన రాకెట్లు 2020లో రెండు, 2021లో రెండు. 2022లో ఐదు, 2023లో ఏడు, ఆ తర్వాత 2024, 2025లో ఐదేసి. ఏడాదికి ఐదు అనుకో. ప్రతిసారీ రెండు రాత్రులు ఇరవై గదులూ నిండిపోయాయనే అనుకో. మొత్తం రెండొందల గది-రాత్రులు. ఇరవై గదులకి ఏడాదిలో అమ్ముకోవాల్సినవి 7,300. అంటే మూడు శాతం కూడా లేదు. ప్రయోగాలు రెట్టింపై పది జరిగినా ఐదున్నర శాతం. మిగతా రాత్రులన్నీ ఎవరితో నింపుతాడో అడుగు.

పైగా ఆ మూడు శాతమూ గ్యారంటీ లేదు. చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా లోకల్ రైలుంది. చూడ్డానికొచ్చేవాళ్లలో చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి పోగలరు. రాత్రి పూట ప్రయోగమైతేనే గది కావాలి. వాయిదాల సంగతి సరేసరి. చంద్రయాన్-2ని 2019 జులై 15 తెల్లవారుజామున 2.51కి వదలాల్సింది, 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు. చివరికి 22వ తేదీ మధ్యాహ్నం ఎగిరింది. ఒక్కరోజు వాయిదా పడితే లాడ్జివాడికి లాభమే, 2024 డిసెంబర్లో పీఎస్‌ఎల్‌వీ-సీ59 రాకెట్‌కి అలాగే ఒకరోజు జరిగింది. వారం వాయిదా పడితే మాత్రం గదులు ఖాళీ, వండిన కూర పారబోయడమే. 2019లో మొదలైన సందర్శకుల గ్యాలరీ వల్ల జనం పెరిగిన మాట నిజమే, కానీ వాళ్లు కొనేది నీళ్ల సీసాలు, పులిహోర పొట్లాలు. లాడ్జి గదులు కాదు.

మరి ఊరు ఎలా మారింది అంటావు. మార్చింది ప్రయోగం రోజు కాదురా, జీతాల రోజు. 1969లో రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవిని ఎంచుకునేనాటికి అక్కడున్నవి సరుగుడు, యూకలిప్టస్ తోటలు. కట్టెలు పడవలకెత్తి బకింగ్‌హాం కాలవ మీద మద్రాసు పొయ్యిలకి పంపేవాళ్లు. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రోహిణి రాకెట్ ఎగిరింది. అప్పట్నుంచి నెలనెలా ఆగకుండా వచ్చే సర్కారు జీతం ఒకటి ఈ ఊళ్లో పడుతోంది. వాన వచ్చినా రాకపోయినా, రాకెట్ సముద్రంలో పడినా, ఒకటో తారీఖుకి జీతం పడాల్సిందే. బడులు, ట్యూషన్లు, చీటీలు, బంగారం కొట్లు, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగి అని చెప్తే చాలు అరువిచ్చే కిరాణా కొట్లు... అన్నిటికీ మూలం అది.

ఇంకో సంగతి బయటివాళ్లకి తెలీదు. షార్ అంటే రాకెట్లు వదిలే చోటు మాత్రమే అనుకుంటారు. ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 మొత్తం బరువు 640 టన్నులు. అందులో రెండు పక్కలా ఉండే ఎస్200 బూస్టర్లలో ఒక్కోదాంట్లో 200 టన్నులకి పైగా ఘన ఇంధనం. ఆ ఇంధనం పోతపోసేది ఆ దీవిలోనే. అంటే ఎగిరే బరువులో దాదాపు మూడింట రెండొంతులు పులికాట్ సరస్సు పక్కన తయారైనదే. అమ్మోనియం పెర్క్లోరేట్, అల్యూమినియం పొడి, హెచ్‌టీపీబీ అనే రబ్బరు జిగురు, ఈ మూడూ పెద్ద మిక్సర్లో కలిసి చిక్కటి ముద్దవుతాయి. దాన్ని గాలి తీసేసిన గదిలో మోటారు కవచంలోకి పోస్తారు, ఆ తర్వాత వేడిలో రోజుల తరబడి గట్టిపడనిస్తారు. ఎస్200ని మూడు ముక్కలుగా పోసి తర్వాత కలుపుతారు. లోపల చిన్న గాలిబుడగ మిగిలినా, ముద్ద కవచం గోడ నుంచి ఊడినా, మండేటప్పుడు మంట అనుకోని చోటికి పాకుతుంది. అందుకే ఎక్స్‌రే తీస్తారు. సముద్రపు గాలిలో తేమ పొడికి శత్రువు కాబట్టి గదుల్లో తేమని కొలుస్తూనే ఉంటారు. ఇక రాపిడి వల్ల పుట్టే విద్యుత్తు... ఒక్క నిప్పురవ్వ చాలు. 2004 ఫిబ్రవరి 23న షార్‌లోని ఘన ఇంధనం ప్లాంటులో పేలుడు జరిగి ఆరుగురు పోయారు. "రాకెట్ ఊరు" అని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఆ ఆరుగురు గుర్తుకొచ్చేది తక్కువమందికి.

ఇప్పుడు మూడో ప్యాడ్. 2025 జనవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించింది, 3,984.86 కోట్లు, నాలుగేళ్ల గడువు. ఈ అంకె చూసే కదా మీ బావమరిది కలలు కంటున్నది. అందులో స్టీలు, క్రేన్లు, అతి చల్లటి ఇంధనం నింపే క్రయో ట్యాంకులు, పైపులు, కంట్రోలు సామగ్రి పెద్ద వాటా. వాటిని చేసేవాళ్లు సూళ్లూరుపేటలో లేరు. ఊరికి మిగిలేది మట్టిపని, కాంక్రీటు, లారీలు, కూలీలు, వాళ్ల తిండి, వాళ్ల గదులు. అది తక్కువేం కాదు. కాకపోతే కట్టాల్సింది ఏసీ లాడ్జి కాదు, నెల అద్దె గదులు. కింద ఒక మెస్సు, దాని పక్కన కర్రీ పాయింటు. వెల్డర్లు, ఫిట్టర్లు, సూపర్‌వైజర్లు నెలల తరబడి ఉంటారు. నలుగురికో గది, బయట బట్టలారేసుకునే చోటు, రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడికి పగలు నిద్రపట్టేట్టు తలుపు. ఇంతే కావాలి వాళ్లకి. నాలుగేళ్ల తర్వాత ఖాళీ అయితే గదుల మధ్య గోడలు తీసి కుటుంబాలకి అద్దెకివ్వొచ్చు. అలా మార్చేలా స్తంభాలు, బాత్రూం పైపులు ముందే వేయించమను.

నువ్వు అడిగిన మీ మేనల్లుడి సంగతి. స్థానికుడని షార్‌లో పర్మనెంటు ఉద్యోగం ఇవ్వరు, దేశం మొత్తం మీద పోటీ. టెక్నీషియన్-బి పోస్టుకి పదో తరగతి, ఐటీఐ కావాలి. ముందు రాతపరీక్ష, తర్వాత చేతిపని పరీక్ష. మనవాళ్లు ఎక్కువమంది తప్పేది రెండోదాంట్లోనే. సిద్ధాంతం బట్టీపట్టి పోతారు, ఫైలు పట్టుకుని అచ్చంగా చదరం చెయ్యమంటే చేతులు వణుకుతాయి. వాణ్ణి ఫిట్టరో ఎలక్ట్రీషియనో కాకుండా కెమికల్ ప్లాంట్ ఆపరేటర్ ట్రేడు కూడా చూసుకోమను. ఇంధనం పని రసాయనాల పనే కదా. ముందు అప్రెంటిస్‌గా చేరితే చేతికి అలవాటవుతుంది.

చిన్న వర్క్‌షాపు పెట్టి షార్‌కి సరుకిద్దామనుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే, కాగితం ముఖ్యం. మంచి స్టీలే వాడినా దానికి మిల్లు టెస్టు సర్టిఫికెట్ లేకపోతే, దానిమీద ఉన్న హీట్ నంబరు (ఏ కొలిమి పోతలోదో చెప్పే నంబరు) ముక్కలు కోసేటప్పుడు చెరిగిపోతే, సరుకు వెనక్కే. కోసే ప్రతి ముక్క మీదికీ ఆ నంబరు మళ్లీ గుద్దాలి. మనవాళ్లకి అదొక చాదస్తం అనిపిస్తుంది. డబ్బు కూడా సరుకు తనిఖీ అయ్యాకే వస్తుంది, అందాకా అప్పు వడ్డీ లెక్కేసుకోవాలి.

పేరు సంగతి చెప్పకపోతే ఉత్తరం పూర్తికాదు. 2022 ఏప్రిల్లో సూళ్లూరుపేటని నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. నెల్లూరోళ్లమని చెప్పుకుంటూ పెరిగినవాళ్లకి అది మింగుడు పడలేదు, కానీ బయట ఎవరైనా అడిగితే "రాకెట్లు వదిలే ఊరు" అంటే సరిపోతోంది, జిల్లాతో పనిలేదు. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడికి రాత్రీ పగలూ తలుపు మూయరు. ఇస్రో ఛైర్మన్ ప్రయోగానికి ముందు అక్కడికొచ్చి మొక్కుకోవడం టీవీలో చూసి, దేశానికి ఆ అమ్మవారి పేరు తెలిసింది. రాకెట్ వెళ్లేటప్పుడు మేడలెక్కిన పిల్లలకి ముందు వెలుగే కనిపిస్తుంది. 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే చప్పుడు రావడానికి దాదాపు నిమిషం పడుతుంది. కిటికీలు గలగలలాడేది అప్పుడు.

ఈ పేరులో అందరికీ సమాన వాటా లేదులే. దీవిలో తేనె, దుంపలు, కట్టెల మీద బతికిన యానాదులు తమ అడవిని వదులుకున్నారు. ప్రయోగం రోజు సముద్రంలోకి పోవద్దని రేవుల్లో చెప్తారు, రాకెట్ ముక్కలు పడే చోటు అది, చెప్పకా తప్పదు. కానీ చేపలు పట్టి బతికే పట్టపోళ్లకి ఆ రోజు వేట లేదంటే కూలీ లేదు. వాయిదా పడితే ఇంకో రోజు పోయినట్టే. సూళ్లూరుపేట నుంచి అటకానితిప్ప మీదుగా పులికాట్ సరస్సుని చీలుస్తూ పోయే షార్ రోడ్డు వల్ల ఉత్తరం పక్కకి నీళ్లు సరిగా పోవని వాళ్ల పాత ఫిర్యాదు. దానికి తోడు రాయదొరువు దగ్గర సముద్రపు నోరు ఇసుకతో పూడుతుంటుంది. చలికాలంలో రోడ్డుకి రెండు పక్కలా ఫ్లెమింగోలు కనిపిస్తే మనం ఫొటోలు తీసుకుంటాం. వాళ్లు చూసేది నీళ్ల లోతు.

ఇంకొక్క హెచ్చరిక. ఇక్కణ్ణుంచి ధ్రువ కక్ష్యకి పోవాలంటే నేరుగా దక్షిణానికి పోలేరు, శ్రీలంక అడ్డం. ముందు ఆగ్నేయంగా పోయి తర్వాత ఆకాశంలో మలుపు తిరగాలి, ఆ మలుపుకి ఇంధనం ఖర్చు. పెద్ద రాకెట్ భరిస్తుంది. 120 టన్నుల ఎస్‌ఎస్‌ఎల్‌వీ లాంటి చిన్నదానికి మోసే బరువు బాగా తగ్గిపోతుంది. అందుకే తమిళనాడులో తూత్తుకుడి దగ్గర కులశేఖరపట్నంలో ఇంకో కేంద్రం కడుతున్నారు. 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన అయింది. చిన్న రాకెట్లు చాలామటుకు అటు పోతాయి. ఇటు మిగిలేవి పెద్దవి, అవి తరచుగా ఎగరవు. లాడ్జి లెక్కలో ఇది కూడా వేసుకోమను.

స్థలం సంగతికొస్తే, పులికాట్ పక్షుల అభయారణ్యం హద్దు, తీర ప్రాంత నిబంధనలు, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ జాబితా, మూడూ చూడందే రూపాయి ఇవ్వొద్దు. సరస్సు వైపు డీకేటీ పట్టా భూములు (పేదలకి సర్కారు ఇచ్చినవి) "రాకెట్ సిటీ వెంచర్" అని బోర్డు పెట్టి అమ్మేస్తారు. అవి ఆ 22ఏ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు, జరిగినా నిలవదు. బోరు కూడా లోతుగా వేస్తే ఉప్పునీళ్లు పడొచ్చు, పక్కింటి బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడమను, వేసవిలో చూడమను.

సర్వే నంబరు పంపు. ఈసీ (భూమి మీద అమ్మకాలు, తాకట్ల వివరం), అడంగల్ (సాగు రికార్డు) రెండూ తీయించి చూస్తాను. అందాక మీ బావమరిదిని సంతకం పెట్టనివ్వకు.

నీ
రమణ